క్రాంక్‌బైట్: ఎంత లోతుకి ఏది వేయాలి, ఎలా చుట్టాలి

పొద్దున్నించీ క్రాంక్‌బైట్ వేస్తున్నాం, చేతులు పడిపోతున్నాయి, ఒక్క చేపా ముట్టట్లేదు అని అడిగేవాళ్ళని నేను తిరిగి అడిగేది ఒకటే: మీ ల్యూర్, అంటే చేప ఆకారంలో ఉండే ఆ ఉత్తుత్తి ఎర, దేనికైనా తగుల్తోందా? "తగలడమేంటి, తగిలితే ఇరుక్కుపోద్ది కదా" అంటారు. తేడా అంతా అక్కడే ఉంది. క్రాంక్‌బైట్ అనేది రాయికో, మొద్దుకో, నేలకో తగిలి పక్కకి తుళ్ళినప్పుడు పనిచేసే ఎర, నడి నీళ్ళలో దేనికీ అంటకుండా సాఫీగా వచ్చేస్తే ఎక్కువసార్లు ఖాళీగానే వస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఆ తగిలే లోతుకి దాన్ని ఎలా చేర్చాలి, అక్కడే ఎక్కువసేపు ఎలా ఉంచాలి అనే దాని గురించే.

ఒక మాట ముందే అనుకుందాం. మనకి అడుగు అంటే కొలతా అదే, నీళ్ళ కిందదీ అదే. ఇక్కడ అడుగు అంటే కొలత మాత్రమే, కింద ఉన్నదాన్ని నేల అంటాను, లేదంటే "పది అడుగుల అడుగున" అని రాసి నేనే తికమకపడతా.

1. ముందు లిప్‌ని చూడండి, రంగు తర్వాత

ల్యూర్ మూతి కింద ముందుకి పొడుచుకొచ్చిన పలకే లిప్. రీల్ చుట్టగానే నీళ్ళు ఆ పలక మీద కొట్టి మూతిని కిందకి తోస్తాయి. ఒళ్ళేమో తేలే సరుకు కాబట్టి పైకి లాగుతుంది, వెనకాల ఉన్న లైన్ కూడా నీళ్ళని కోసుకుంటూ రావాలి కాబట్టి అదీ పైకే లాగుతుంది. కిందకి తోసేదీ పైకి లాగేవీ సమానమైన చోట ల్యూర్ ఇంక దిగదు. అదే దాని లోతు.

ఇది అర్థమైతే షాపులో అట్ట మీద రాసింది చదవకుండానే లిప్ చూసి లోతు చెప్పేయొచ్చు.

- లిప్ పొట్టిగా ఉండి, కిందకి వాలి ఉంటే: 1 నుంచి 5 అడుగులు. చివర చదరంగా కోసినట్టు ఉంటే స్క్వేర్‌బిల్ అంటారు.
- లిప్ మధ్యస్థంగా ఉండి, గుండ్రంగా, కొంచెం ముందుకి వాలి ఉంటే: 6 నుంచి 12 అడుగులు.
- లిప్ దాదాపు ఒంటికి సమాంతరంగా, గరిటెలా పొడుగ్గా ఉంటే: 12 నుంచి 20 అడుగులు, కొన్ని ఇంకా కిందకి.
- లిప్ అసలు లేదు, వీపు మీద లైన్ కట్టే కన్ను ఉంది: లిప్‌లెస్ అంటారు, మునిగే రకం, ఎంత లోతు అన్నది మీరు ఎంతసేపు మునగనిస్తారు అన్నదాన్ని బట్టి.

అట్ట మీద "10 అడుగులు" అని ఉంటే అది పొడుగ్గా విసిరి, సన్నటి లైన్‌తో కొలిచిన లెక్క అనుకోండి. మీరు 17 పౌండ్ల లైన్ (అంత బరువు దాకా తెగనిది, కాబట్టి మందం) వేసి, సగం దూరమే విసిరితే అది 7 దగ్గరే ఆగిపోవచ్చు. నేను మొదట్లో ఒక సీజన్ మొత్తం ఆ అంకెని నమ్మి, 10 అడుగుల నీళ్ళలో 10 అడుగుల ల్యూర్ వేస్తూ ఒక్కసారి కూడా నేల ముట్టకుండా తిరిగాను.

ఎంచుకునే సూత్రం ఇది: నీళ్ళ లోతు కంటే రెండడుగులు ఎక్కువ దిగే ల్యూర్ తీసుకోండి. 8 అడుగుల నీళ్ళకి 10 అడుగులది, 12 అడుగుల నీళ్ళకి 14 అడుగులది. నేల నిండా దట్టమైన నాచు ఉంటే మాత్రం నాచు పైకప్పు వరకే లెక్కేయండి, అంటే 8 అడుగుల నీళ్ళలో 3 అడుగుల నాచు ఉంటే మీ నీళ్ళు 5 అడుగులే.

2. నీళ్ళ లోతు తెలుసుకోండి, ఊహించకండి

పడవలో సోనార్ (లోతు చూపించే యంత్రం) ఉంటే గొడవే లేదు. ఒడ్డు నుంచి వేసేవాళ్ళకి ఒక సీసం గుండు చాలు. దాన్ని లైన్‌కి కట్టి, ముందు లోతు తెలిసిన చోట, కర్రతో కొలవగలిగిన చోట వదిలి, లైన్ వదులయ్యేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. తర్వాత అదే గుండు దూరంగా విసిరి మళ్ళీ లెక్కపెట్టండి. 5 అడుగులకి 2 సెకన్లు పడితే, 4 సెకన్లు పట్టిన చోట సుమారు 10 అడుగులు. బరువు మారిస్తే లెక్క మారుతుంది కాబట్టి ఎప్పుడూ అదే గుండు వాడండి.

ఆ గుండునే మెల్లగా ఈడ్చుకుంటూ తెచ్చారంటే కింద ఏముందో కూడా తెలిసిపోతుంది. రాళ్ళ మీద టకటకమని ఎగురుతూ వస్తుంది. బురదలో బరువుగా, మెత్తగా, బెల్లం పాకంలో గరిటె తిప్పినట్టు వస్తుంది. నాచులో పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటుంది. ఓ పదిసార్లు విసిరేసరికి ఆ చోటు పటం మీ తలలో తయారైపోతుంది, ముఖ్యంగా రాళ్ళు ఎక్కడ అయిపోయి బురద ఎక్కడ మొదలైందో ఆ గీత గుర్తుపెట్టుకోండి, చేపలు కాపు కాసేది అలాంటి అంచుల్లోనే.

3. లైన్, రాడ్, రీల్

లైన్ మందం పెరిగిన కొద్దీ లోతు తగ్గుతుంది. మందపు లైన్‌ని నీళ్ళు ఎక్కువగా పైకి తోస్తాయి, అంతే.

- ఫ్లోరోకార్బన్: మునుగుతుంది, సాగడం తక్కువ. లోతు ల్యూర్లకి 10–12 పౌండ్లు, మొద్దులూ రాళ్ళ మధ్య స్క్వేర్‌బిల్‌కి 15 దాకా. ఒకటే లైన్ కొనగలను అంటే ఇదే 12 కొనండి.
- మోనో, అంటే నైలాన్: నీళ్ళలో మునగడం చాలా మెల్లగా, సాగుతుంది. రెండు మూడు అడుగుల నీళ్ళలో ల్యూర్‌ని పైనే ఉంచాలంటే ఇదే మేలు.
- బ్రెయిడ్: తేలుతుంది కానీ చాలా సన్నం, 30 పౌండ్లది మందంలో దాదాపు 8 పౌండ్ల మోనో అంత ఉంటుంది. సాగదు. నాచులో లిప్‌లెస్ ల్యూర్‌ని పీకడానికి బ్రహ్మాండం, మామూలు క్రాంక్‌బైట్‌కి మాత్రం వద్దనే అంటా, ఎందుకో కింద చెప్తా.

రాడ్ విషయంలో చాలామంది తప్పు చేస్తారు. గట్టి, చివర మాత్రమే వంగే రాడ్ పట్టుకొస్తారు. క్రాంక్‌బైట్‌కి ఉండేవి చిన్న చిన్న ట్రెబుల్ హుక్‌లు (మూడు ముళ్ళ కొక్కేలు), అవి చేప పెదవి చర్మంలో పైపైనే దిగుతాయి. గట్టి రాడ్, సాగని బ్రెయిడ్, ఈ రెండూ కలిస్తే చేప తల విదిల్చిన ప్రతిసారీ ఆ చర్మం చిరిగి హుక్ ఊడిపోతుంది. సగం దాకా వంగే మెత్తటి రాడ్ కావాలి. మోడరేట్ యాక్షన్ అని రాసి ఉంటుంది, ఫైబర్‌గ్లాస్ గానీ అది కలిపిన గ్రాఫైట్ గానీ. చిన్న ల్యూర్లకి 7 అడుగుల లోపు, లోతువాటికి 7 అడుగుల 6 అంగుళాల పైన.

రీల్‌కి గేర్ రేషియో చూడండి. 5:1 అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూల్ (లైన్ చుట్టుకునే చక్రం) 5 సార్లు తిరుగుతుంది, చేతికి బరువు తెలీదు. పెద్ద లిప్ ఉన్నవి నీళ్ళని బాగా పట్టుకుంటాయి కాబట్టి వాటికి ఇదే సుఖం. మిగతావాటికి 6:1 చుట్టుపక్కల చాలు, లిప్‌లెస్‌కి 7:1 అయినా పర్లేదు.

ల్యూర్ ముక్కుకి స్ప్లిట్ రింగ్ (తాళంచెవుల రింగ్ లాంటిది) ఉంటే లైన్ దానికే కట్టండి, కానీ రింగ్ రెండు కొసలూ కలిసే చోట ముడి పడకుండా చూడండి, ఆ అంచు లైన్‌ని కోసేస్తుంది. రింగ్ లేకపోతే గుండ్రటి చిన్న స్నాప్ (తెరిచి మూసే కొక్కెం) పెట్టండి. స్వివెల్ (గిరగిరా తిరిగే లింకు) ఉన్న పెద్ద స్నాప్ వద్దు, మూతి బరువెక్కి ఊపు చచ్చిపోతుంది.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:

- 3 లోతులకి కనీసం ఒక్కోటి, ఒక లిప్‌లెస్
- సన్న మూతి ప్లయర్, స్ప్లిట్ రింగ్ ప్లయర్
- అదే సైజు ట్రెబుల్ హుక్‌లు కొన్ని స్పేర్
- సీసం గుండు
- ల్యూర్ విడిపించే సాధనం
- కళ్ళజోడు, చలవది అయినా సరే, ఇది మాత్రం మర్చిపోవద్దు

4. ఒడ్డునే ట్యూన్ చేయండి

కొత్త ల్యూర్ అయినా, నిన్న రాయికి గుద్దుకున్న పాతదైనా, ముందు పది అడుగుల దూరం విసిరి వేగంగా చుట్టి చూడండి. నేరుగా రావాలి. పక్కకి పోతుంటే అది తన పూర్తి లోతుకి ఎప్పటికీ దిగదు, మీరేమో వేగం తప్పనో లైన్ తప్పనో అనుకుంటూ ఉంటారు.

సరిచేసే పద్ధతి:

1. ల్యూర్‌ని లిప్ మీ వైపు ఉండేలా పట్టుకోండి, నీళ్ళలో మీ వైపుకి వస్తున్నట్టే.
2. అది మీ ఎడమకి పోతోందా? అయితే లైన్ కట్టే వైరు కన్నుని ప్లయర్‌తో మీ కుడికి వంచండి. కుడికి పోతుంటే ఎడమకి.
3. వంచడం అంటే వెంట్రుకవాసి. కంటికి వంపు కనపడిందంటే ఎక్కువైపోయినట్టే.
4. మళ్ళీ విసిరి చూడండి. మొదట మెల్లగా, తర్వాత మీకు చేతనైనంత వేగంగా. వేగంలో కూడా నేరుగా వస్తేనే అయినట్టు.

కన్నుని మెలితిప్పొద్దు, వంచడమే. మెలిపెడితే లోపల వదులై, ఆ సందులోంచి నీళ్ళు ఎక్కుతాయి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గులకల చప్పుడుతో పాటు బుడబుడ వినిపిస్తే ఇక ఆ ల్యూర్‌కి దణ్ణం పెట్టేయడమే.

నాకు ఒకటుండేది, ఎంత వంచినా ఎడమకే పోయేది. కుడికి వంచా, మళ్ళీ వంచా, మూడోసారి వంచేసరికి ఒక్కసారిగా కుడికి పల్టీ కొట్టడం మొదలెట్టింది. తీరా చూస్తే వెనక ట్రెబుల్ హుక్ ఒక కొస వంగిపోయి ఉంది, అదే చుక్కానిలా పనిచేసి తిప్పుతోందన్నమాట. కాబట్టి కన్ను ముట్టుకునే ముందు హుక్‌లు చూడండి, వాటికి నాచు పోగు అంటుకుందేమో చూడండి.

హుక్ పదును చూడ్డానికి బొటనవేలి గోరు మీద మెల్లగా జార్చండి. జారిపోతే మొద్దుబారింది, గీరుకుని ఆగితే బాగుంది. మార్చేటప్పుడు అదే సైజు, దాదాపు అదే బరువు పెట్టండి, పెద్దవి తగిలిస్తే తేలే గుణం మారిపోతుంది.

5. విసరడం: పనికొచ్చేది మధ్య భాగమే

ల్యూర్ నీళ్ళలో పడగానే లోతులో ఉండదు. దిగడానికి కొంత దూరం, ఆ లోతులో కొంత దూరం, మళ్ళీ మీ రాడ్ వైపుకి ఎక్కుతూ కొంత దూరం. 30 మీటర్లు విసిరితే అసలైన లోతులో ఉండేది మధ్యలో ఓ 10, 12 మీటర్లే అనుకోండి.

దీన్నించి రెండు పనులు. మొదటిది, చేప ఉందనుకున్న చోట మీద విసరకండి, దాన్ని దాటించి బాగా అవతలకి విసరండి, ల్యూర్ దిగి ఆ చోటుకి వచ్చేసరికి లోతులో ఉండాలి. రెండోది, అంచు ఉంటే అంచుకి అడ్డంగా కాకుండా అంచు వెంబడే విసరండి. గట్టు పక్కనే నిలబడి గట్టుకి సమాంతరంగా వేస్తే ఆ మధ్య భాగం మొత్తం ఒకే లోతు మీద నడుస్తుంది, అడ్డంగా వేస్తే ఆ అంచుని ఒక్క క్షణం తాకి దాటేస్తుంది.

రాడ్ కొస కూడా లోతు మారుస్తుంది. కొస పైకెత్తితే ల్యూర్ పైకి వస్తుంది, నీళ్ళకి ఆనించి పట్టుకుంటే కిందకి పోతుంది. పడవలో మోకాళ్ళ మీద కూర్చుని రాడ్ కొస నీళ్ళలో ముంచి చుట్టేవాళ్ళు ఉంటారు, చూడ్డానికి నవ్వొస్తుంది గానీ నిజంగానే ఇంకొంచెం లోతు దొరుకుతుంది.

ఇక వేగం. ఎంత వేగంగా చుడితే అంత లోతుకి పోతుంది అనేది అందరికీ ఉండే భ్రమ. మొదట నాలుగైదు చుట్లు గబగబా చుట్టి దించండి, తర్వాత మధ్యస్థ వేగానికి వచ్చేయండి. అతిగా చుడితే ల్యూర్ ఒరిగిపోయి పక్కకి దొర్లుతుంది, ఉన్న లోతూ పోతుంది.

6. 1–5 అడుగుల నీళ్ళు: స్క్వేర్‌బిల్

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన వేట, ఎందుకంటే ల్యూర్ ఏం చేస్తోందో చేతికి మొత్తం తెలుస్తుంది.

మునిగిన మొద్దు ఒకటి ఉందనుకోండి. దానికి ఆరేడు అడుగులు అవతలకి విసరండి. చుడుతూ రండి, రాడ్‌లో గడగడమనే ఊపు తెలుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి ఒక మొద్దు దెబ్బ, "టప్" అని, రాయికి తగిలినట్టు ఖణేల్మని ఉండదు. అక్కడ చుట్టడం ఆపండి. ఒకటి, రెండు. లైన్ వదులవ్వగానే ల్యూర్ వెనక్కి జరిగి, తనంతట తానే తేలుతూ మొద్దుని విడిచిపెడుతుంది. అప్పుడు మళ్ళీ ఒక్క చుట్టు. చేప కొట్టేది ఎక్కువగా ఆ ఆగిన క్షణంలోనో, తర్వాతి చుట్టులోనో. పారిపోతున్న చిన్న చేప దేనికో గుద్దుకుని దిమ్మెరపోయి మళ్ళీ కదిలినట్టు ఉంటుంది దానికి.

చదరపు లిప్ పని కూడా ఇదే. దాని మూలలు ముందు కట్టెకి తగిలి ల్యూర్‌ని పక్కకి తుళ్ళిస్తాయి, లిప్ వెనకాల దాక్కుని హుక్‌లు తప్పించుకుంటాయి. మీరు చుడుతున్నంతసేపు మూతి కిందకి, తోక పైకి ఉంటుంది కాబట్టే ఇది కుదురుతుంది. భయపడి సగం సగం చుడితే ఒళ్ళు అడ్డం తిరిగి హుక్‌లే ముందు తగుల్తాయి, అప్పుడు ఇరుక్కుంటుంది. మొద్దు దాకా ధైర్యంగా చుట్టడం, తగిలాక ఆపడం. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు.

రాళ్ళ గట్టు అయితే ఆపక్కర్లేదు, ఒకే వేగంతో రాళ్ళని కొట్టుకుంటూ రానివ్వండి. ప్రతి పది, పదిహేను విసుర్లకి చివరి రెండడుగుల లైన్ వేళ్ళతో తడిమి చూసుకోండి, గరుకు తగిలితే కోసేసి మళ్ళీ ముడి వేయండి. మంచి చేప పడి తెగిపోయే దాకా ఆగకండి.

7. 6–12 అడుగులు: నేలని గీకుతూ

ఎక్కువ చేపలు తిరిగే లోతు ఇది, మీ పెట్టెలో ఎక్కువ ఉండాల్సినవీ ఇవే.

క్రమం ఇలా:

1. దాటించి విసరండి, రాడ్ కొస కిందకి.
2. గబగబా చుట్టి దించండి.
3. మొదటిసారి నేల తగలగానే వేగం తగ్గించండి. ఎంత తగ్గించాలి అంటే, ప్రతి రెండు మూడు చుట్లకి ఒకసారి తగిలేంత. ఎప్పుడూ తవ్వుకుంటూ రావక్కర్లేదు.
4. తగలడం ఆగిపోయిందంటే కింద గుంట వచ్చింది. ఒక క్షణం ఆపి, మళ్ళీ వేగంగా నాలుగు చుట్లు.
5. మెత్తటి చోటునించి గట్టి చోటుకి మారినప్పుడు ఆ జాగా గుర్తుపెట్టుకుని అక్కడే పదిసార్లు వేయండి.

ఒడ్డు నుంచి వేసేవాళ్ళకి తలనొప్పి ఏంటంటే, లోతు నుంచి లోతు తక్కువకి లాగుతున్నారు, కాబట్టి చివర్లో ల్యూర్ నేలలోకి దూరిపోతుంది. ఒడ్డు దగ్గర పడే కొద్దీ రాడ్ కొస మెల్లగా పైకెత్తుతూ రండి, వేగం కూడా తగ్గించండి. ఇంకా మంచిది ఏటవాలుగా, ఒడ్డుకి అటు ఇటుగా విసరడం.

ఒకే వేగానికి చేప స్పందించకపోతే, మధ్యలో ఒక అర సెకను ఆపడం, లేదా రాడ్‌ని పక్కకి ఒక అడుగు మేర లాగి వదలడం చేయండి. రెండింటిలో దేనికి కొట్టిందో గుర్తుంచుకోండి, ఆ రోజంతా అదే పనిచేయొచ్చు.

8. 12–20 అడుగులు: ఓపిక పని

ఇక్కడ అంతా విసురు దూరమే. సన్నటి లైన్, పొడవు రాడ్, 5:1 రీల్, గాలి వీపుకి ఉండేలా నిలబడటం. దూరం తగ్గితే ల్యూర్ ఎంత మంచిదైనా నేలకి చేరకముందే మీ దగ్గరికి వచ్చేస్తుంది.

రాడ్ పిడి కింద భాగాన్ని చంకలో పెట్టుకుని చుట్టండి, మణికట్టు మీద వేస్తే గంటకే నొప్పి. నేల తగలగానే మామూలు వేగం. గులకరాళ్ళ దిబ్బ, మునిగిన పాత రోడ్డు, లోతు ఒక్కసారిగా పడిపోయే అంచు, ఇలాంటివి దొరికితే అదే కోణంలో మళ్ళీ మళ్ళీ వేయండి. ఒడ్డు మీద ఒక చెట్టునో స్తంభాన్నో గురిగా పెట్టుకోండి. లోతులో చేపలు గుంపుగా ఉంటాయి, ఒకటి కొట్టిందంటే కోణం మార్చకండి, మూడడుగులు పక్కకి పోయినా ఖాళీ.

నిజం చెప్పాలంటే ఒడ్డు నుంచి ఇది చాలా చోట్ల కుదరదు. లోతు దగ్గర్లో ఉన్న కట్ట మీద నుంచో, రాతి గట్టు మీద నుంచో అయితే ప్రయత్నించండి, లేదంటే లిప్‌లెస్‌కి మారిపోండి.

9. లిప్‌లెస్: లెక్కపెట్టి వాడేది

ఇది బరువుగా ఉంటుంది, దూరం పోతుంది, మునుగుతుంది. విసిరి, పడగానే మనసులో లెక్క మొదలుపెట్టండి. నేల తగిలి లైన్ వదులయ్యేసరికి 9 వచ్చిందనుకోండి, తర్వాతి విసురు 7 దగ్గర చుట్టడం మొదలుపెట్టండి, ఆ తర్వాత 5, ఆ తర్వాత 3. ఇలా ఒకే ల్యూర్‌తో నీళ్ళని అంతస్తులుగా వెతకొచ్చు.

- తిన్నగా చుట్టడం: చేప ఎక్కడుందో తెలీనప్పుడు.
- ఎత్తి వదలడం: రాడ్ రెండడుగులు ఎత్తి, లైన్ పూర్తిగా వదులవ్వకుండా దింపండి. కాటు పడేది దిగేటప్పుడే, కాబట్టి లైన్ మీదే కన్ను ఉంచండి, ఉన్నట్టుండి ఆగినా, పక్కకి పాకినా లాగేయండి.
- నాచులోంచి పీకడం: నాచు కొసలు తగిలేలా తేవాలి, పట్టుకోగానే రాడ్‌తో ఒక్క విదిలింపు. ఊడి బయటికొచ్చిన ఆ క్షణంలోనే కొడుతుంది. బ్రెయిడ్ వాడమన్నది ఇక్కడే.

చేప గాల్లోకి ఎగిరి తల విదిల్చినప్పుడు ఈ బరువే దానికి ఆయుధం, ల్యూర్ ఎగిరి పోతుంది. రాడ్ కిందకి, పక్కకి పెట్టి లైన్ బిగువు తగ్గకుండా చూడండి.

10. చలి, బురద, రంగు

నీళ్ళు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే పక్కలు చదునుగా ఉండి కొంచెమే ఊగే ల్యూర్, మెల్లగా. వేడి నీళ్ళలో బొద్దుగా ఉండి బాగా ఊగేది, వేగంగా. చేప శీతల రక్త జీవి, నీళ్ళు చల్లబడితే దాని ఒళ్ళూ మందగిస్తుంది, వెంటాడే ఓపిక ఉండదు.

రంగు గురించి గంటలు గంటలు వాదించుకుంటారు గానీ నా వరకు మూడు చాలు. తేట నీళ్ళకి చిన్న చేపలా వెండి, పారదర్శక రంగులు. కొంచెం మసక నీళ్ళకి నల్ల వీపు, చిలకాకుపచ్చ కలిసిన పసుపు పక్కలు. నేల మీద పీతలూ రొయ్యలూ తిరిగే రాతి చోట్ల గోధుమ, ఎరుపు. బురద నీళ్ళయితే లోపల గులకలు మోగేది. లోతు తప్పితే ఏ రంగూ ఆదుకోదు.

11. చేప పట్టినప్పుడు

ఎగిరి రాడ్‌ని పైకి లాగకండి. కాటు తెలియగానే చుట్టడం ఆపకుండా రాడ్‌ని పక్కకి ఊడ్చినట్టు లాగండి, అంతే, హుక్‌లు దిగుతాయి. కొన్నిసార్లు కాటు దెబ్బలా ఉండదు, గడగడమంటున్న ఊపు ఉన్నట్టుండి మాయమైపోతుంది, చేప వెనక నుంచి పట్టుకుని మీ వైపుకే ఈదుతోందన్నమాట. వెంటనే వేగం పెంచి లైన్ బిగించండి.

డ్రాగ్ (చేప లాగితే లైన్ వదిలే రీల్ బ్రేకు) కొంచెం వదులుగా పెట్టుకోండి, దగ్గరికొచ్చాక పరుగు తీస్తే లైన్ వదలాలి. నీళ్ళలోంచి పైకి తీసేటప్పుడు వలబుట్ట వాడండి. నోట్లో బొటనవేలు పెట్టి పట్టుకునే అలవాటు ఉంటే ట్రెబుల్ హుక్‌లు ఉన్నప్పుడు మానుకోండి, చేప ఒక్క విదిలింపు విదిలిస్తే ఒక ముల్లు దాని నోట్లో, ఇంకో ముల్లు మీ వేలులో ఉంటాయి. ముళ్ళ పక్క కొక్కేలని ప్లయర్‌తో నొక్కేస్తే తీయడం సులువు, చేపకీ మీకూ. వేలులో లోతుగా దిగితే డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

12. ఇరుక్కుంటే

1. లాగకండి. లైన్ పూర్తిగా వదలండి. తేలే రకం అయితే సగం సార్లు అదే విడిపోతుంది.
2. రాకపోతే లైన్ కొంచెం బిగించి, వేళ్ళతో విల్లు నారిలా లాగి టప్‌మని వదలండి, నాలుగైదుసార్లు.
3. అయినా రాకపోతే ఇరుక్కున్న దిక్కుకి అవతల పక్కకి వెళ్ళి, వ్యతిరేక దిశ నుంచి లాగండి.
4. పడవలో ఉంటే దాని పైకి వెళ్ళి, లైన్‌కి తగిలించిన బరువైన ల్యూర్ విడిపించే సాధనాన్ని జార్చండి.
5. ఇక తెంపాల్సిందే అంటే లైన్‌ని చేతికి చుట్టుకోకండి, కర్రకి చుట్టండి, మొహం పక్కకి తిప్పి లాగండి. ఊడొచ్చిన ల్యూర్ నేరుగా మీ మీదకే వస్తుంది. కళ్ళజోడు అన్నది ఇందుకే.

13. ఇలా అవుతోందా, అయితే ఇది చూడండి

- నేల తగలట్లేదు: లైన్ సన్నం చేయండి, ఇంకా దూరం విసరండి, రాడ్ కొస దించండి. ఇవి మూడూ చేశాకే ల్యూర్ మార్చండి.
- నేలలో కూరుకుపోతోంది: లోతు ఎక్కువైంది, ఒక మెట్టు తక్కువది వేయండి. లేదా రాడ్ ఎత్తండి.
- వేగం పెంచితే దొర్లుతోంది: ట్యూన్ తప్పింది, పైన 4వ భాగం చూడండి.
- ఊపు సగంలో ఆగిపోయింది: నాచు తగులుకుంది, చుట్టేసి శుభ్రం చేయండి. అలాగే లాగితే ఆ విసురు దండగ.
- విసిరినప్పుడు హుక్ లైన్‌కే చిక్కుకుంటోంది: నీళ్ళలో పడబోయే ముందు స్పూల్‌ని బొటనవేలితో కొంచెం ఆపండి, లైన్ తిన్నగా అయి మూతి మీ వైపుకి తిరుగుతుంది.
- కొడుతున్నాయి కానీ ఊడిపోతున్నాయి: హుక్ పదును, తర్వాత రాడ్ గట్టితనం, తర్వాత మీ లాగుడు. ఈ వరసలోనే.
- వెంట వస్తున్నాయి, కొట్టట్లేదు: మధ్యలో ఆపండి, లేదా చటుక్కున వేగం పెంచండి. సైజు తగ్గించి చూడండి.

14. ఇంటికొచ్చాక

తడి ల్యూర్లని పెట్టెలో పెట్టి మూత వేయకండి, హుక్‌లు తుప్పు పట్టి ఆ మరక పక్కవాటికీ అంటుకుంటుంది. ఉప్పు నీళ్ళలో వేసి వస్తే మంచినీళ్ళతో కడిగి, రాత్రంతా ఆరనివ్వండి. లిప్‌కి పగుళ్ళు ఉన్నాయేమో వెలుతురికి పెట్టి చూడండి.

చివరిగా నేను ప్రతి ల్యూర్‌కీ చేసే పని ఒకటుంది. మెల్లగా లోతు పెరిగే ఒడ్డు వెంబడి, ఒడ్డుకి సమాంతరంగా వేస్తూ, ఒక్కో అడుగు లోతుకి జరుగుతూ పోతాను. ఎక్కడ నేల తగలడం ఆగిపోయిందో అదే దాని అసలు లోతు, నా లైన్‌తో, నా విసురుతో. దాన్ని ఆరిన ల్యూర్ పొట్ట మీద మార్కర్‌తో రాసేస్తా: "12 పౌండ్లు, 9 అడుగులు" అని. నాలుగు రాళ్ళు తగిలేసరికి చెరిగిపోతుంది, మళ్ళీ రాసుకోవాలి.